పాత ఇంటి పెచ్చులు స్లాబులోకి కాదు, గచ్చు కిందికి

ఒడిశాలోని మా బరంపురం పాతపేటల్లో ఈమధ్య ఏ సందులోకి వెళ్ళినా ఒక ఇల్లు పడగొడుతూ కనిపిస్తోంది. ముందు వెడల్పు అంతంతమాత్రం, వెనక్కి మాత్రం పక్క వీధిదాకా సాగే పొడుగాటి ఇళ్ళు మావి. వీధరుగు, గది వెనక గది, వంటిల్లు, చివర బావి. అన్నదమ్ములు పంచుకున్నారు, పిల్లలు వైజాగ్‌లోనో భువనేశ్వర్‌లోనో స్థిరపడ్డారు, మిగిలినవాళ్ళు ఉన్న జాగాలో మూడంతస్తులు లేపుదామనుకున్నారు. ఇళ్ళకు ప్లాన్లు గీసి, ఎస్టిమేట్లు వేసి, పని దగ్గరుండి చూసుకోవడం నా వృత్తి. కాబట్టి ఈ పడగొట్టడాలు నాకు కొత్త కాదు.

పడగొట్టే వరస ఎప్పుడూ ఒకటే. ముందు తలుపులూ ద్వారబంధాలూ పోతాయి. టేకైతే గోడ మీద దెబ్బ పడకముందే బేరం కుదిరిపోతుంది. కాంట్రాక్టరు చాలాసార్లు ఇంటివాళ్ళ దగ్గర డబ్బు తీసుకోడు, తనే ఎదురిచ్చి సామాను పట్టుకుపోతాడు. దూలాలు, ఇనప చువ్వలు, రాతి మెట్లు, చెడని ఇటుక, పాత వైరింగులో రాగి, అన్నిటికీ కొనేవాడున్నాడు. ఎవడూ కొననిది పెచ్చులే. స్లాబు ముక్కలు, ప్లాస్టరింగు, విరిగిన ఇటుక, సున్నం, మట్టి అన్నీ కలిసిపోయిన కుప్ప. దాన్ని చీకటి పడ్డాక ట్రాక్టర్లకెత్తి ఏ గుంటలోనో, ఏ కాలవ గట్టునో, హైవే పక్కనో పోసి వస్తారు. మా పేట వెనక గేదెలు పడుకునే గుంట ఒకటుండేది. ఇలాగే పూడ్చిపూడ్చి అక్కడ ప్లాట్లు వేశారు. ఇప్పుడు వానాకాలం ఆ నీళ్ళు మా వీధిలోకొస్తున్నాయి.

తమాషా ఏమిటంటే, అదే వారం అదే సందులోకి ఇంకో ట్రాక్టరు వస్తుంది. పునాది లేచిన కొత్త ఇంటికి బేస్‌మెంట్ నింపడానికి గ్రావెల్ తెస్తూ. దాని వెనకే గచ్చు కింద బెడ్ వేయడానికి నల్లరాతి చిప్స్ లోడు. పెచ్చులు మోసుకుపోయే బండి, గ్రావెల్ తెచ్చే బండి ఒకదానికొకటి దారి ఇచ్చుకోలేక మలుపు దగ్గర ఇరుక్కుంటాయి. డ్రైవర్లు ఒకడు తెలుగులో, ఒకడు ఒడియాలో తిట్టుకుంటారు. ఇంటి యజమాని మాత్రం ఇద్దరికీ డబ్బులిస్తాడు. ఉన్నది పారేయడానికి ఒకరికి, అలాంటిదే తెప్పించుకోవడానికి ఇంకొకరికి.

కొంచెం లెక్క వేద్దాం. ఇల్లు పడగొడితే చదరపు మీటరుకు 300 నుంచి 500 కిలోల దాకా శిథిలం వస్తుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ టైఫాక్ 2001లో అంచనా కట్టింది. వెయ్యి చదరపు అడుగుల ఇల్లంటే ఇంచుమించు 93 చదరపు మీటర్లు. అంటే 28 నుంచి 46 టన్నులు. అదే జాగాలో లేచే కొత్త ఇంటికి రోడ్డుకంటే రెండడుగుల ఎత్తు బేస్‌మెంట్ కావాలంటారు, గోడల మందం తీసేసినా యాభై ఘనపు మీటర్లు నింపాలి. టన్నుల్లో చూస్తే డెబ్భై, ఎనభై. దాని పైన నాలుగంగుళాల కాంక్రీటు బెడ్‌కి ఇంకో పన్నెండు టన్నుల చిప్స్. పాత ఇల్లు మొత్తం పొడిచేసి పోసినా కొత్త ఇంటి గచ్చు కింద ఇంకా చోటు మిగులుతుంది. ఏరి పారేయాల్సినవి తప్ప కిలో కూడా సందు దాటి బయటికి పోనక్కర్లేదు.

నేను చెప్పొచ్చేది ఇంతే. రీసైకిల్డ్ కాంక్రీటు అనగానే అందరి కళ్ళూ స్తంభాల మీదికీ స్లాబుల మీదికీ పోతున్నాయి. సింగపూర్‌లో ఒక కంపెనీ 2010లో అచ్చంగా పాత కాంక్రీటు కంకరతోనే కొంత భాగం వేసి మూడంతస్తుల భవనం కట్టింది. జపాన్‌లో ఇలాంటి కంకరను నాణ్యతను బట్టి మూడు తరగతులు చేసి ఒక్కోదానికి ఒక్కో ప్రమాణం పెట్టారు. గొప్ప విషయాలే. వాటిని పట్టుకుని మన ఊళ్ళో కూడా పాత స్లాబు పగలగొట్టి కొత్త స్లాబు వేసేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. ముఖ్యంగా సముద్రానికి ఇంత దగ్గర్లో అసలు ఒప్పుకోను.

నాకంటే ముందే మా మేస్త్రీ ఒప్పుకోలేదు. టెక్కలి వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే పని. ఒకసారి ఈ మాటే ఎత్తితే చేతిలో తాపీ పక్కన పెట్టి, "స్లాబు పెచ్చులట్టుకెళ్ళి మళ్ళీ స్లాబులోనే ఎయ్యమంటారేటి బాబూ? నానెయ్యను. ఇంకో మేస్త్రీని చూసుకోండి" అన్నాడు. కారణం అడిగితే నోటితో చెప్పలేదు. కుప్పలోంచి ఒక ముక్క, లోడులోంచి ఒక కొత్త చిప్పు తీసి రెండూ నీళ్ళ బకెట్లో వేశాడు. కొత్త నల్లరాయి టప్పున మునిగి ఊరుకుంది. పాత ముక్క మీంచి సన్నగా బుడగలు లేస్తూనే ఉన్నాయి.

ఆ బుడగల్లోనే ఉంది అసలు సంగతంతా. పాత కాంక్రీటు పగలగొడితే మనకు దొరికేది ఒట్టి రాయి కాదు, దాన్ని అంటిపెట్టుకున్న పాత సిమెంటు మోర్టారు కూడా. చేత్తో పట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఒకవైపు నల్లగా నిగనిగలాడే రాయి, మిగతా మూడువైపులా బూడిదరంగు పెచ్చు, గోటితో గీకితే రాలేది కొంత, రాలనిది కొంత. ఆ పెచ్చులో సన్నటి రంధ్రాలుంటాయి. రస్కు టీ పీల్చినట్టు అది నీళ్ళు పీల్చేస్తుంది. మంచి నల్లరాయి తన బరువులో ఒక శాతం నీళ్ళు కూడా తీసుకోదు, ఇది ఐదారు శాతం తేలిగ్గా తాగుతుంది. అంటే మిక్సర్లో మనం సిమెంటు కోసం పోసిన నీళ్ళు కంకర లాగేసుకుంటుంది. కాంక్రీటు బిగుసుకుపోయి పని సాగదు. కూలీ ఇంకో రెండు బొచ్చెల నీళ్ళు పోస్తాడు. ఆ రెండు బొచ్చెలతోనే బలం పోతుంది. వాడకముందే పాత కంకరను బాగా తడిపి, పైతడి ఆరాక వేయాలని పుస్తకంలో రాసి ఉంటుంది. స్లాబు పోసే రోజు, యాభై మంది కూలీలు నిలబడి ఉన్న సైట్లో, ఆ ఓపిక ఎవరికుంటుందో మీరే చెప్పండి.

పుస్తకం మాట వచ్చింది కాబట్టి, కంకర గురించి మన దేశపు ప్రమాణం ఐఎస్ 383. దాన్ని 2016లో తిరగరాసినప్పుడు పాత కాంక్రీటు కంకరకు మొదటిసారి చోటిచ్చారు. ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం దాకా వాడొచ్చు. ఇనుము ఉన్న కాంక్రీటులో 20 శాతం దాకా, అదీ ఎం25 గ్రేడు మించకుండా (ఎం పక్కన అంకె ఎంత పెద్దదైతే కాంక్రీటు అంత గట్టిది). ఎం15 కంటే తక్కువ గ్రేడు కాంక్రీటులో మాత్రం నూటికి నూరు శాతం. ఇటుక ముక్కలూ అవీ కలిసిన కంకరకు ఈ ఆఖరి దానిలో తప్ప అనుమతే లేదు.

ఇప్పుడు దీని పక్కన కాంక్రీటు కట్టడాల ప్రమాణం ఐఎస్ 456 పెట్టి చూడండి. సముద్రతీరపు గాలి తగిలే ఇనప కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు ఉండాలంటుంది అది. ఒక పుస్తకం ఎం25 దాటొద్దంటుంది, ఇంకోటి ఎం30 తగ్గొద్దంటుంది. గోపాల్‌పూర్‌లోనో, సోనాపూర్‌లోనో, అటు బారువలోనో ఇల్లు కట్టేవాడికి ఈ రెండిటి మధ్యా సందు లేదు. ఈ ప్రమాణాల ప్రకారం తీరం దగ్గర పాత కంకర స్తంభంలోకీ రాకూడదు, స్లాబులోకీ రాకూడదు. పర్యావరణం పేరుతో పెద్ద పెద్ద వ్యాసాలు రాసేవాళ్ళు ఈ చిన్న లెక్క ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

అది ఊరికే పెట్టిన నియమం కాదు. ఉప్పుగాలి మా దగ్గర ఏం చేస్తుందో గోపాల్‌పూర్ ఇళ్ళ కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు. పాతికేళ్ళు కూడా నిండని స్లాబుల కింద చువ్వలు తుప్పుపట్టి ఉబ్బి, కవరింగు పలకలు పలకలుగా ఊడిపోయి ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకు పైనే పెరుగుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచే పగులుతుంది. ఇలాంటి ఇల్లు పడగొట్టి వచ్చిన పెచ్చుల నిండా ఉప్పు ఉంటుంది. ఇనప కాంక్రీటులో ఘనపు మీటరుకు 0.6 కిలో మించి క్లోరైడు, అంటే ఉప్పులో ఇనుమును తినేసే భాగం, ఉండకూడదని ఐఎస్ 456 కోడు. ఉప్పు తిన్న పాత కంకరతో మళ్ళీ స్లాబు వేయడమంటే కొత్త ఇంటికి పుట్టుకతోనే రోగం అంటించడం.

ఈ ముప్పు ముందు ముందు ఇంకా పెరుగుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంజాం జిల్లా తీరంలో తాటాకిళ్ళూ గడ్డి ఇళ్ళూ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒడిశా ప్రభుత్వం జాలరి పల్లెల్లో వేల సంఖ్యలో కాంక్రీటు ఇళ్ళు కట్టించింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను కుదిపేశాక అటువైపు కూడా అందరికీ స్లాబిల్లే కావాలి. మంచిదే, ప్రాణాలు నిలిచాయి. గడ్డి ఇల్లు పడిపోతే మట్టిలో మట్టయిపోతుంది. ఈ ఇళ్ళన్నిటికీ వయసు మీరాక ఆ కాంక్రీటంతా ఎక్కడ పోస్తామో ఇప్పుడే ఆలోచించాలి. సముద్రం ఒడ్డున ఇసుక తిన్నెల మీదైతే కాకూడదు కదా. ఋషికుల్య మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టేది అక్కడే.

కార్బన్ సంగతి కూడా తేల్చుకుందాం, ఎందుకంటే ఈ విషయంలో చాలా గాలిమాటలు నడుస్తున్నాయి. కాంక్రీటు వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడులో పెద్ద వాటా సిమెంటుది. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి, కాల్చే బొగ్గు పొగ కొంత, రాయిలోంచే బయటపడేది అంతకంటే ఎక్కువ. రాయి కొట్టి చిప్స్ చేయడానికి అయ్యే ఖర్చు దాని ముందు చాలా తక్కువ. కాబట్టి కొత్త చిప్స్ బదులు పాతవి వేసినంత మాత్రాన భూగోళం చల్లబడదు. పైగా పాత కంకర నీళ్ళు తాగుతుందని ఘనపు మీటరుకు అరబస్తా సిమెంటు ఎక్కువ వేశామంటే, మిగిల్చిన కార్బనంతా ఆ అరబస్తాలోనే పోయి ఇంకా బాకీ పడతాం. కార్బన్ తగ్గించాలనుకునేవాళ్ళు ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటో, బొగ్గు బూడిద (ఫ్లైయాష్) కలిసిన సిమెంటో వాడుకోవాలి. అది ఒడిశాలో కావలసినంత దొరుకుతుంది.

మరి పాత కాంక్రీటు ఎందుకంటారా? కొండల కోసం, గుంటల కోసం. తూర్పు కనుమల్లో కాంక్రీటుకు పనికొచ్చే గట్టి రాయి అన్నిచోట్లా లేదు. మా చుట్టుపక్కల కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైట్ గాలికీ వానకీ మెత్తబడే రాయి. కోణార్క్ గుడి ఆ రాతిదే, శిల్పాలు ఎలా అరిగిపోయాయో చూసినవాళ్ళకు తెలుసు. కంకర మిల్లులకు కావలసింది చార్నకైట్ లాంటి గట్టి నల్లరాయి, గ్రానైటు. అలాంటి కొండ దొరికితే చాలు, నాలుగైదేళ్ళలో సగానికి కోసేస్తారు. దాని కింద పల్లెలో బావులు ఎండుతాయి, గోడలు బీటలిస్తాయి, పిల్లలు దుమ్ముతో దగ్గుతుంటారు. గచ్చు కింద ఎవరి కంటికీ కనపడకుండా, ఏ బరువూ పెద్దగా మోయకుండా పడి ఉండే బెడ్‌కి ఆ రాయే ఎందుకు వెయ్యాలి? సిమెంటు, ఇసుక, కంకర ఒకటికి నాలుగుకు ఎనిమిది పాళ్ళలో వేసే ఆ బెడ్ ఎం7.5 గ్రేడు. ఒకటికి మూడుకు ఆరు వేసినా ఎం10 దాటదు. రెండూ ఎం15 కంటే కిందే. కోడు నూటికి నూరు శాతం వాడుకోమని చెప్పిన చోటు ఇది. చేతిలో అనుమతి పెట్టుకుని వాడనివాళ్ళం మనమే.

ఇందులో మా తాతల కాలపువాళ్ళు మనకంటే తెలివిగా ఉన్నారనిపిస్తుంది. పాత మిద్దెల మీద వేసింది ఇటుక జల్లీ, సున్నం కలిపి దిమ్మిసతో కొట్టిన పొరే. విరిగిన ఇటుకను దంచి సుర్కీ చేసి, గానుగలో సున్నంతో కలిపి నూరేవారు. ఇటుక బట్టీలో ముక్కయినా వృథా పోయేది కాదు. ఆ ఇళ్ళు ఇప్పుడు పడగొడుతుంటే చూడండి, ఆడకూలీలు వరసగా కూర్చుని ఒక్కో ఇటుకనీ చేతిలోకి తీసుకుని చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేస్తారు. సున్నం పొట్టులా రాలిపోతుంది. ఇటుక నిక్షేపంగా బయటికొస్తుంది, రెండో ఇంటికి సిద్ధం. అదే సిమెంటుతో కట్టిన గోడైతే ఇటుకకంటే మోర్టారే గట్టి. కొడితే ఇటుక విరుగుతుంది తప్ప సిమెంటు ఊడదు. ఈ యాభై ఏళ్ళలో మనం కట్టినవన్నీ అలాంటివే. ముందు ముందు పడగొట్టే ఇళ్ళలో ఆ ఆడకూలీలకు పని ఉండదు, కుప్ప మాత్రం రెట్టింపవుతుంది.

సరే, గచ్చు కింద వేయడమంటే కుప్పనంతా జేసీబీతో లోపలికి నెట్టేయడం కాదు. అలా చేసి, ఏడాదికే టైల్సు కుంగి, నన్ను పిలిచి చూపించిన ఇళ్ళున్నాయి. పెద్ద ముక్కల మధ్య ఖాళీలు మిగిలిపోతాయి, మొదటి వానాకాలానికే మట్టి ఆ ఖాళీల్లోకి జారుతుంది. ముక్కలు పిడికిలి కంటే పెద్దవి ఉండకూడదు. అరడుగు పొర వేసి, నీళ్ళు పట్టి, దిమ్మిసతోనో ప్లేట్ కంపాక్టర్‌తోనో కొట్టి, ఆపైన ఇంకో పొర. సన్నటి పొడి ముక్కల మధ్య దిగాలి. ఈ పని సగం జాగ్రత్తగా చేసినా గ్రావెల్‌కంటే గట్టిగా కూర్చుంటుంది.

అంతకంటే ముఖ్యం, ఏది వేయకూడదో చూసుకోవడం. చెక్క ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు, చెదలకు దారి చూపించినట్టే. ఫాల్స్ సీలింగు పీఓపీ, జిప్సం ముక్కలు ఏరి పారేయాలి. వాటిలో సల్ఫేటు తడి తగిలినప్పుడు సిమెంటుతో కలిసి ఉబ్బి పైనున్న బెడ్‌ని లేపేస్తుంది. ఆస్బెస్టాస్ రేకులు మా ఊళ్ళో ప్రతి పెరట్లోనూ ఉంటాయి, వాటిని అసలు పగలగొట్టకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు. ముక్కలు కొట్టేటప్పుడు కాంక్రీటు దుమ్ము కూడా తక్కువ ప్రమాదమేం కాదు, పైపుతో తడుపుతూ కొట్టించాలి, కొట్టేవాళ్ళకు మాస్కులివ్వాలి. ఇక ఉప్పుపట్టిన ఇటుక ముక్కలు చెమ్మను పైకి లాగుతాయి. అందుకని వాటిని అడుగు పొరల్లో వేసి, పైపొరకు దుమ్ము జల్లించిన కాంక్రీటు ముక్కలే వాడాలి. పొడి తీసేసిన ముక్కల మధ్య ఖాళీల్లోంచి చెమ్మ ఎక్కలేదు. గోడలకు ప్లింత్ దగ్గర, అంటే గచ్చు మట్టంలో, చెమ్మను ఆపే పొర (డీపీసీ) ఎలాగూ వేస్తాం.

బెడ్ కాంక్రీటుకైతే స్లాబూ బీములూ పగలగొట్టిన ముక్కలు విడిగా పెట్టుకోవాలి, ఇటుకతో కలపకుండా. వాటిని నలభై ఎంఎం సైజుకు కొట్టించి, ముందు రోజు సాయంత్రం నీళ్ళు పట్టి గోనెలు కప్పి ఉంచితే పొద్దున్నకి సరిగ్గా ఉంటాయి. ఇది స్లాబు కాదు కాబట్టి హడావిడి ఉండదు, నలుగురు మనుషులు నింపాదిగా చేసుకునే పని. స్లాబుకు ససేమిరా అన్న మా మేస్త్రీ దీనికి మాత్రం మారు మాట్లాడలేదు. "కిందికైతే పర్వాలేదు బాబూ, కింద ఏటేసినా భూమే కదా మోసేది" అన్నాడు.

మేస్త్రీ ఒప్పుకున్నా ఇంటి పెద్దవాళ్ళు ఒప్పుకోని సందర్భాలున్నాయి. పాత ఇంటి సామాను కొత్త ఇంటికి కలపకూడదంటారు. ఒక ఇంట్లో అత్తగారు నన్ను కూర్చోబెట్టి, "ఆ ఇంట్లో ముగ్గురు పోయారు నాయనా, ఆ పెచ్చులు మళ్ళీ మా కాళ్ళ కిందెందుకు?" అని అడిగారు. వాదించి గెలిచే విషయం కాదది. కానీ ఇంకొకటి గమనించాను. ఎదురింటి పాత ఇటుకలు చవగ్గా వస్తున్నాయంటే కాంపౌండు గోడకు కొనడానికి ఎవరికీ పట్టింపు లేదు. బేస్‌మెంట్ నింపడానికి వచ్చే మట్టి ఏ చెరువుదో, ఏ శ్మశానం పక్కదో ఎవరూ అడగరు. ఆవిడతో ఆ మాటే మెల్లగా అన్నాను. నవ్వి, పురోహితుణ్ణి అడుగుతానన్నారు. ఆయన గుమ్మం కింద, పూజగది కింద మాత్రం కొత్త మట్టి వేసుకోమని, మిగతాది ఇంజనీరు ఇష్టమని చెప్పారట. ఈ సలహా ఆ తరవాత నేను చాలా ఇళ్ళలో వాడుకున్నాను.

ఇక ప్రభుత్వం సంగతి. దేశంలో ఏటా 15 కోట్ల టన్నుల కూల్చివేత వ్యర్థాలు వస్తాయని కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ అంచనా. అందులో తిరిగి వాడకంలోకి వచ్చేది ఒక్క శాతమేనని ఢిల్లీలోని పర్యావరణ సంస్థ సీఎస్‌ఈ 2020లో లెక్క చెప్పింది. 2016 మార్చిలో కేంద్రం దీనికోసమే నియమాలు తెచ్చింది. రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే కాంక్రీటు, మట్టి, ఇనుము, చెక్క, ప్లాస్టిక్, ఇటుక వేరు చేసి ఇవ్వాలన్నాయి అవి. మున్సిపల్, ప్రభుత్వ పనుల్లో పది నుంచి ఇరవై శాతం ఇలాంటి సరుకు వాడాలన్నాయి. ఐదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళు మూడేళ్ళలో ఏర్పాట్లు చేసుకోవాలన్నాయి. 2011 జనాభా లెక్కల్లో మూడున్నర లక్షలున్న బరంపురానికి ఆ గడువు 2019తోనే తీరిపోయింది. 2025లో కొత్త నియమాలు వచ్చాయి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. అవి 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్ళ మెడకు బాధ్యత చుట్టాయి. మా సందుల్లో అంత ఇల్లు ఎవడు కడతాడు? మా ఊరి కుప్పలన్నీ వెయ్యి, పదిహేను వందల చదరపు అడుగుల ఇళ్ళవి. ఢిల్లీకీ ముంబైకీ రాసిన నియమం మా దగ్గరికొచ్చేసరికి ఇంటి కప్పు పైనుంచే వెళ్ళిపోతుంది.

మాట్లాడినప్పుడల్లా అధికారులు ప్లాంటు పెడతామంటారు. ఢిల్లీ బురారీలో 2009లో పెట్టారు, హైదరాబాద్ జీడిమెట్లలో 2020లో పెట్టారు. జీడిమెట్లది రోజుకు 500 టన్నుల ప్లాంటు. ముక్కలను ఏరి, అయస్కాంతంతో ఇనుము లాగి, క్రషర్లో కొట్టి, కడిగి, సైజులవారీగా ఇసుకా కంకరా చేసి, దాంతో పేవర్ బ్లాకులూ కెర్బు రాళ్ళూ పోస్తారు. ఆ ఊరికి అది సరిపోతుంది. ఇక్కడ అలాంటిది పెట్టామనుకోండి, పైన వేసిన లెక్క ప్రకారం రోజుకు పదిహేను ఇళ్ళు పడగొడితే గానీ దాని కడుపు నిండదు. ఇక్కడ పడేవి ఎన్ని? మూడో నెలకే దానికి తాళం పడుతుంది. పైగా ఊరికి పది కిలోమీటర్ల అవతల పెడతారు, కుప్ప అక్కడికి మోయడానికి డీజిలు, చిప్స్ ఇక్కడికి తేవడానికి మళ్ళీ డీజిలు. ట్రాక్టరువాడు ఆ దూరం పోతాడా, దగ్గర్లో గుంట చూసుకుంటాడా?

మాకు కావలసింది అంతకంటే చాలా చిన్నది. మా సందుల్లో అసలు ఇబ్బంది చోటే. పాత ఇల్లు పడగొట్టాక పునాది తవ్వి, గోడలు ప్లింత్ దాకా లేచేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా ముప్పై నలభై టన్నుల కుప్ప ఎక్కడ పెట్టుకోవాలి? వీధిలో పెడితే పక్కింటివాళ్ళు ఊరుకోరు, న్యాయమే. అందుకే జనం గుంటలో పోయించేస్తున్నారు, బద్ధకం వల్ల కాదు. కార్పొరేషను పేటకొక ఖాళీ స్థలం చూపించి, చుట్టూ రేకుల దడి కట్టి, ఇంటి నంబరు రాసిన బోర్డుతో ఎవరి కుప్ప వాళ్ళు మూడు నెలలు ఉంచుకోనిస్తే సగం పని అయిపోతుంది. ట్రాక్టరు వెనక తగిలించుకుని తీసుకెళ్ళే చిన్న డీజిలు క్రషర్లు ఉన్నాయి. అలాంటిది ఒకటి కొని వారానికొక పేటలో తిప్పితే చాలు. కుప్పకు ఇంత అని అద్దె పెట్టండి, గ్రావెల్ లోడు ధర కంటే తక్కువుంటే ఎవరూ కాదనరు.

ఇంటివాళ్ళ వైపునుంచి ఒక్కటి. పడగొట్టే కాంట్రాక్టరుతో బేరం ఆడేటప్పుడే స్లాబు ముక్కలు, ఇటుక, మట్టి మూడు కుప్పలుగా విడిగా ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. దానికతను ఎదురిచ్చే డబ్బులో కొంత కోసుకుంటాడు, వేరు చేయడానికి రెండు మూడు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ కోత కలుపుకుని కూడా గ్రావెల్, చిప్స్ లోడ్లకు పెట్టే ఖర్చు కంటే తక్కువే అవుతోంది, నేను చూసిన ఇళ్ళలో. అన్నీ కలిపి కుప్ప పోశాక మాత్రం ఏరించడం ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు నేనిచ్చే ప్రతి ఎస్టిమేట్‌లోనూ బేస్‌మెంట్ ఫిల్లింగ్ దగ్గర రెండు రేట్లు రాస్తున్నాను, గ్రావెల్‌కి ఒకటి, సొంత పెచ్చులకు ఒకటి. చాలామంది ఇంకా గ్రావెల్‌కే టిక్కు పెడుతున్నారు.